రెండు సర్కార్ల మధ్య తడి పడుగు

మా అత్తవారి సందు చివర గోడ దాటితే పరాయి దేశం. నవ్వకండి. బందరు పాతవాళ్ళని ఎవరినైనా అడగండి, చెబుతారు. ఇంగ్లీషువాళ్ళ బందరు నట్టనడుమ ఫ్రెంచివాళ్ళకు కొంచెం జాగా ఉండేది. ఎప్పుడో తాతల కాలంలో గుడ్డల వ్యాపారానికి కొట్లు కట్టుకున్న చోటట. నేను కోడలిగా వచ్చేసరికి కొట్లూ లేవు, గుడ్డలూ లేవు. ఓ మొండిగోడ, మోకాలి లోతు గడ్డి, ఓ జెండా కర్ర, దాన్ని కాచుకుని ఓ ముసలి కావలివాడు. మా ఊళ్ళో ఫ్రాన్సు అంటే అంతే.

దాని వల్ల లాభం పొందినవాళ్ళు పేకాటరాయుళ్ళు. పోలీసు కనబడగానే ముక్కలు ఎత్తుకుని సరిహద్దు రాయి దాటి కూర్చునేవాళ్ళు. పోలీసు ఇవతల నిలబడి తిట్టేవాడు. అవతల కావలి తాత వాళ్ళను ఫ్రెంచిలో తిట్టేవాడు. ఆయనకు వచ్చిన ఫ్రెంచి మూడు ముక్కలు. ఆ మూడూ తిట్లేనో, దండాలో మాకెవరికీ తెలియదు.

నేను బెజవాడ పిల్లని. వన్‌టౌన్‌లో చీరల కొట్లకు మా నాన్న నేసి ఇచ్చేవాడు. మగపిల్లలు లేకపోవడంతో పన్నెండో ఏటే నన్ను మగ్గం కింద కాళ్ళాడించే గుంటలో కూర్చోబెట్టాడు. పోగు లాక్కెళ్ళే నాడె విసిరితే అది నా చేతిలోంచి పోయి నా చేతిలోకే వచ్చేది. ఆ సుఖం తెలిసినదాన్ని తీసుకెళ్ళి బందరులో ఇచ్చారు. అక్కడేమో మగ్గం మగాళ్ళది. ఇంట్లో ఉన్నవి రెండు మగ్గాలు. ఒకటి మా మావగారిది, ఒకటి మా ఆయనది. ఆడవాళ్ళు నూలు తోడాలి, కండెలు చుట్టాలి, గంజి కాయాలి.

"ఆడది గుంటలోకి దిగితే మగ్గానికి మంచిది కాదే" అనేవారు మా అత్తగారు.

"ఏ పుస్తకంలో ఉందత్తయ్యా?" అని అడిగాను ఒకసారి. ఆ పూట నా కంచంలోకి మజ్జిగ రాలేదు.

కోపం నాకు ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు భవానీపురంలో మనవరాలి ఇంట్లో బుద్ధిగా కూర్చుని ఇది రాస్తున్నాను కదా అని కోపం తగ్గిందనుకోకండి.

యుద్ధం అయిపోయింది కానీ కంట్రోలు అయిపోలేదు. నూలు కార్డు మీద ఇచ్చేవాళ్ళు. కార్డు మా మావగారి పేరున ఉండేది. ఒకసారి ఇస్తే మళ్ళీ ఎప్పుడిస్తారో ఇచ్చేవాడికే తెలియదు. మగ్గానికి నిలువు పోగుల పడుగు వేసిన ప్రతిసారీ మొదట్లో కొంచెం, చివర్లో కొంచెం నూలు నేతకు పనికిరాకుండా పోతుంది. అది చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి రెండు విడతల నూలు దగ్గర దగ్గరగా వచ్చింది. నేను ఊరుకోలేక మా మావగారితో అన్నాను.

"మావయ్యా, రెండూ కలిపి ఒకటే పొడుగు పడుగు వేస్తే? రెండుసార్లు పోయే నూలు ఒకసారే పోతుంది."

మా మావగారు మాటల దగ్గర మహా పిసినారి. పొద్దున అడిగితే సాయంత్రం చెప్పేవారు. ఆ సాయంత్రం చెప్పారు.

"సరే. నీ మాట మీద వేస్తున్నా. పడుగు సవ్యంగా మగ్గం ఎక్కిందా, గుంటలో నువ్వూ కూర్చుందువు గాని. చెడిందా, ఈ జన్మకి ఆ ఊసెత్తకు."

మా అత్తగారు చేతిలోని గిన్నె నేలకేసి కొట్టినంత పని చేశారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. మళ్ళీ మగ్గం! నా కాళ్ళు పడుకున్నా ఆడుతూనే ఉన్నాయి.

ఇక నా ఘనకార్యం వినండి. పడుగు ఆరబెట్టడానికి మా సందే ఆధారం. అది ఎంత పొడుగుందో కొలవాలి. మా వాళ్ళలో గజం బద్ద పట్టుకునే అలవాటు లేదు. రెండు చేతులూ బార్లా చాస్తే ఒక బార, అంతే లెక్క. అయిదో తరగతి చదివినదాన్ని కదా, నేనే వెళ్ళి గోడ వెంట చేతులు చాచుకుంటూ సందంతా కొలిచాను. నలభై బారలు. మా ఆయనతో నలభై అని చెప్పాను. ఆయన నలభై బారల పడుగు వేశాడు, తన చేతులతో. మా ఆయన చేతులు ఎలాంటివంటే, వంగకుండానే మోకాళ్ళు గోక్కోగలడు. ఆయన బారకూ నా బారకూ జానెడు పైనే తేడా. ఆ సంగతి ఇంట్లో ఇన్ని బుర్రలుండీ ఒక్క బుర్రకూ తట్టలేదు.

మా ఇంట్లో పడుగును గంజిలో ముంచి, పిసికి, తడిదే తెచ్చి వెదురు కర్రల మీద సాగదీస్తారు. తర్వాత ఆరేదాకా కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. దువ్వడం ఆపారా, పోగూ పోగూ అతుక్కుని పడుగంతా అప్పడమైపోతుంది. ఇక దాన్ని పొయ్యిలో పెట్టుకోవలసిందే. అందుకే మా వీధుల్లో ఒక కట్టడి ఉంది. తడి పడుగు పరిచి ఉంటే ఆ దారిన పోయేవాళ్ళెవరైనా సరే, ఓ చెయ్యి వెయ్యకుండా కదలకూడదు. కూలి అడగకూడదు, తొందర పని ఉందనకూడదు. పెళ్ళికి బయల్దేరిన వాడైనా సరే నాలుగుసార్లు దువ్వి వెళ్ళాలి.

ఆ రోజు గాలి లేవకముందే వీధి వీధంతా వచ్చింది. పడుగు చివర కర్ర పట్టుకుని మా ఆయన వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నడుస్తున్నాడు, నడుస్తున్నాడు, పడుగు తరగడం లేదు. సందు చివర మొండిగోడలో ఓ గండి ఉంది. గండిలో సరిహద్దు రాయి ఉంది. మా ఆయన అక్కడిదాకా వెళ్ళి, "ఇంకా ఉందీ!" అని అరిచాడు.

"ఆగితే మట్టిలో పడుతుందిరా, పద!" అని మా మావగారు ఇటునుంచి అరిచారు.

అలా మా ఆయన తడి పడుగు చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఫ్రాన్సులోకి వెళ్ళిపోయాడు.

మా అత్తగారు నా వంక ఒక చూపు చూశారు. అబ్బ, ఆ చూపు! నేను గబగబా కుంచె తీసుకుని దువ్వడంలో మునిగిపోయాను. అయితే ఏమైంది, అవతల గడ్డి మీద ఆరబెట్టుకుంటే ఎవరు వద్దన్నారు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. పైగా ఆ గడ్డి మా అత్తగారు తన గేదె కోసం ఏడాదికింతని గుత్తకు తీసుకున్నదే.

సరిగ్గా అప్పుడే దాపురించారు ఇద్దరూ. ఒకరు కావలి తాత. నీలం కోటు, ఇత్తడి గుండీలు, ఆదివారం ఆర్సీఎం చర్చికి కూడా అదే కోటు. రెండోవాడు నూలు కంట్రోలు ఇన్‌స్పెక్టరు. ఖాకీ లాగు, సైకిలు, గుంటూరు వైపు కుర్రాడు. ఈయన ఆ కావలి తాత ఇంట్లోనే ఓ గది అద్దెకు తీసుకుని, ఆయన భార్య వండిన చేపల పులుసే తింటూ ఉండేవాడు. పొద్దున్నే ఇద్దరూ నవ్వుకుంటూ కబుర్లాడుకుంటూ కలిసే వచ్చారు. పడుగును చూశారు, రాయిని చూశారు. చూసి, ఇన్‌స్పెక్టరు రాయికి ఇటు నిలబడ్డాడు, తాత రాయికి అటు నిలబడ్డాడు. అప్పటిదాకా నవ్వుతున్న మొహాలు రెండూ బిగుసుకుపోయాయి.

"ఏంటండీ ఇది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు మా మావగారితో. "నూలు జిల్లా దాటాలంటేనే పర్మిట్ కావాలి. మీరు ఏకంగా దేశం దాటించేశారే!"

"దాటించారు కాబట్టి ఇక ఇది మా సరుకండీ" అన్నాడు తాత. "యానాంలో దొరగారికి ఉత్తరం రాయాలి. జవాబొచ్చేదాకా కదపడానికి వీల్లేదు."

"ఎప్పుడొస్తుంది తాతా జవాబు?" అన్నాను నేను.

"గోడ పడిపోయిందని కిందటేడు రాశానమ్మా. దానికే ఇంకా రాలా."

మా మావగారి చేతిలో కుంచె ఆగిపోయింది. ఆయన ఆగేసరికి వీధి అంతా ఆగింది. ఎండ ఎక్కుతోంది. రాయి దగ్గర పోగులు అప్పుడే బిగుస్తున్నట్టు నా కళ్ళకు కనబడుతోంది. "దువ్వండర్రా!" అని కేకేశాను. నేను కేకేస్తే కదిలేదెవరు, నిన్నగాక మొన్న వచ్చిన కోడల్ని!

ఇద్దరు అధికార్లూ కాసేపు వాదించుకున్నారు. నోటీసన్నాడు ఒకడు, జప్తన్నాడు ఇంకొకడు. చివరికి ఇన్‌స్పెక్టరుకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"తాతగారూ, గొడవెందుకు? రాయి దగ్గరికి కోసేద్దాం. ఇటు ముక్క మాది, అటు ముక్క మీది."

"అద్గదీ! అలా అన్నారు బావుంది!" అన్నాడు తాత. ఎంత సంబరమో! గడ్డి కోసే కొడవలి కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

మా మావగారు నేల మీద కూలబడిపోయారు. పడుగు కోయడమనే మాట మా ఇళ్ళలో వేళాకోళానికి కూడా అనరు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది కోపం. ఆ కొడవలి కోసేది పోగుల్ని కాదు, నా కాళ్ళని. కుంచె పట్టుకునే వెళ్ళి సరిహద్దు రాయి మీద ఎక్కి కూర్చున్నాను.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఒక్క మాట చెప్పండి. ఈ గోడ అవతల జాగా ఎవరిదండీ?"

"ఎవరిదేంటమ్మా, మన సర్కారుదే! వాళ్ళేదో అద్దెకున్నవాళ్ళ లెక్క. చట్టం మనదే నడుస్తుంది. పైనుంచి కాయితాలున్నాయి."

"అయితే మా పడుగు దేశం ఎక్కడ దాటిందండీ?"

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు. దాటిందని రాస్తే అవతలిది పరాయి దేశమని ఒప్పుకున్నట్టు, పై దొరలు ఆయన తోలు తీస్తారు. దాటలేదని రాస్తే ఇక్కడ ఆయనకు పనే లేదు.

మధ్యలో తాతకు మండింది. "అద్దెకున్నవాళ్ళమా? మేమా? ఇన్‌స్పెక్టరు గారూ, మీ ఎడమ కాలు మా దేశంలో ఉంది. తీయండి ముందు!"

ఇన్‌స్పెక్టరు ఠక్కున కాలు వెనక్కి తీశాడు. తీశాక గుర్తొచ్చింది, తీస్తే ఒప్పుకున్నట్టని. మళ్ళీ పెట్టాడు. తాత ఉరిమి చూశాడు. మళ్ళీ తీశాడు. ఆఖరికి కాలు ఎటూ పెట్టలేక గాలిలో ఉంచి, కొంగలా నిలబడ్డాడు. వీధంతా గొల్లుమంది.

"మీ సైకిలు కూడా మా గోడకే ఆనించి ఉంది. జప్తు చేస్తున్నా!" అన్నాడు తాత.

"సైకిలు సర్కారుదయ్యా! జప్తు చేస్తే యుద్ధమే!"

"చెయ్యండి! చూస్తా! రాత్రికి పులుసెవరు పోస్తారో అదీ చూస్తా!"

అప్పుడొచ్చారు మా అత్తగారు. మోచేతుల దాకా గంజి, కొంగు నడుముకి బిగించి ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఈవిడే స్వయంగా కొడవలి అందిస్తుందనుకున్నాను.

"అబ్బాయ్, ఆ కాలు కింద పెట్టు, పడతావ్" అన్నారు ముందు. ఇన్‌స్పెక్టరు కాలు పెట్టాడు. ఎటు పెట్టాడో ఇద్దరూ చూసుకోలేదు.

"నువ్వు ఈ కావలి అన్నయ్యగారింట్లో అద్దెకున్నావు కదా. నీ గదిలో నీ చొక్కా ఆరేసుకుంటే అది అన్నయ్యగారిదైపోతుందా?"

"అదెలాగండీ, నా చొక్కా నాదే."

"ఏం అన్నయ్యా, ఇతని చొక్కా నీదని లాక్కుంటావా?"

"ఛ ఛ, మరియమ్మ తల్లి సాక్షి, అలాంటి పని చేస్తానా చెల్లెమ్మా!"

"ఈ గడ్డి జాగాకి నేను ఏడాది గుత్త కట్టానా లేదా?"

"కట్టావు."

"మరి నా గుత్త జాగాలో నా కోడలు పడుగు ఆరేసుకుంటే మీ ఇద్దరికీ ఏంటి నొప్పి? జాగా ఎవరిదో మీ దొరలూ దొరలూ తేల్చుకోండి. ఉగాది దాకా మాత్రం ఇది నా గేదెది."

నా కోడలు అన్నారు. నేను విన్నది నిజమేనా అని మా ఆయన వంక చూశాను. ఆయన ఫ్రాన్సులో నిలబడి కర్ర పట్టుకుని నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

మా అత్తగారు అక్కడితో ఊరుకోలేదు. పక్కవాళ్ళ చేతుల్లోంచి రెండు కుంచెలు లాగి, ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి పెట్టారు. "నోరెలాగూ ఖాళీగా లేదు. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, దువ్వండి! తడి పడుగు ముందు నిలబడి వినోదం చూస్తార్రా?"

ఆ ఒక్క మాటతో వీధంతా ఉలిక్కిపడి కదిలింది. ఏ రాజ్యం కట్టడికైనా మా వాళ్ళు ఎదురు తిరుగుతారేమో కానీ దీనికి తిరగరు. తాత కోటు విప్పి జెండా కర్రకు తగిలించాడు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి సైకిలు మీద పెట్టాడు. తాత అటు దువ్వాడు, ఇన్‌స్పెక్టరు ఇటు దువ్వాడు. రాయి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి కుంచెలూ ఢీకొనేవి. "మీ హద్దు దాటారు!" అని తాత, "గాలికి జరిగిందండీ!" అని ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు మూడు పోగులు తెంపాడు. మా అత్తగారు ఆయన నెత్తి మీద మొట్టికాయ వేసి, పోగు అతకడం నేర్పారు. సర్కారు ఉద్యోగి నెత్తి మీద మొట్టికాయ వెయ్యడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

రాయి దగ్గర మూరెడు మేర పోగులు అప్పటికే అతుక్కున్నాయి. మా మావగారు అక్కడ గొంతుక్కూర్చుని, తడి గుడ్డతో అద్దుతూ, గోటితో ఒక్కో పోగూ విడదీశారు. నేను ఎదురుగా కూర్చుని రెండో వైపునుంచి విడదీశాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పడుగు నిలిచింది.

అంతా అయ్యాక ఇన్‌స్పెక్టరు మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. టోపీతో పాటు ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. "వీధంతా చూసిందండీ. ఏదో ఒకటి రాసుకుని వెళ్ళకపోతే నా మెడకు చుట్టుకుంటుంది. ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చి సంతకం పెట్టండి."

సంతకం అనగానే వీధిలో సగం మందికి పనులు గుర్తొచ్చాయి. కార్డు మా మావగారిది. సంతకం పెడితే కార్డు పోతుందేమోనన్న భయం ఆయన మొహంలో కనబడింది. పొద్దున్నుంచీ నా వల్లే కదా ఇదంతా!

"కొలత తప్పు చెప్పింది నేనండీ. పడుగు వెయ్యమన్నదీ నేనే. నా పేరు రాసుకోండి" అన్నాను.

ఆయన నా పేరు రాసుకున్నాడు. మా నాన్న పేరు, మా ఆయన పేరు, ఇంటి నంబరు రాసుకున్నాడు. "వృత్తి... ఆడవాళ్ళకి ఇంటిపని అనే రాస్తాం" అంటూ పెన్సిలు ఆనించాడు.

"నేత అని రాయండి" అన్నారు మా మావగారు.

ఆయనకు అంత గట్టి గొంతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా అత్తగారు గేదెను చూడాలంటూ అటు తిరిగారు. నేను సంతకం పెట్టాను. అక్షరాలు గడ్డిలోకి పాకినట్టు వచ్చాయి.

ఆ కాయితానికి జవాబేమీ రాలేదు. మరుసటి ఏడు ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే ఫ్రెంచివాళ్ళూ ఆ జాగా మనవాళ్ళకి అప్పగించేశారు. ఎవరిదో తేల్చకుండానే ఇద్దరూ పోయారు. పేకాటరాయుళ్ళు చాలా బాధపడ్డారు.

అదంతా తర్వాతి మాట. పడుగు మగ్గానికి ఎక్కించడానికి వారం పట్టింది. ఎక్కించింది మా మావగారి మగ్గం మీదే. ఆ రోజు పొద్దున్నే ఆయన గుంటలోంచి పైకి లేచి, పక్కన నిలబడి, "రా, కూర్చో" అన్నారు.

దణ్ణం పెట్టి దిగాను. దిగి కూర్చుంటే, కింద తొక్కే చెక్కలు కాళ్ళకు అందలేదు. ఆయన కాళ్ళకు సరిపడా ఎప్పుడో తవ్వుకున్న గుంట అది. అంచు మీద కూర్చున్న పసిపిల్లలా కాళ్ళు వేలాడేసుకుని ఉండిపోయాను. మా ఆయన ఫక్కున నవ్వాడు. అంత గొడవపడి, దేశాలు రెండూ కొట్టుకున్నంత పనైతే, నా కాళ్ళు అందలేదు! నాకు ఏడుపు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

మా మావగారు పెరట్లోకి వెళ్ళారు. పార చప్పుడు వినబడింది. తట్టతో మట్టి తెచ్చి గుంటలో పోశారు. చెక్కలు విప్పి, ఇంకో తట్ట పోశారు, ఇంకో తట్ట. తనే దిగి కాళ్ళతో తొక్కి గట్టి చేశారు. నీళ్ళు చల్లి మళ్ళీ తొక్కారు. చెక్కలు పైకి కట్టి, నన్ను కూర్చోబెట్టి, నా పాదాలు ఆనాయా లేదా అని వంగి చూశారు. ఆనాయి.

ఆ గుంటలో ఇక ఆయన కాళ్ళు పట్టవు. ఆ సంగతి ఆయనకు తెలుసు, గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారికి తెలుసు. నాకు తట్టేసరికి మట్టి పోయడం అయిపోయింది.